రాలిన గింజ

"కొంగు విప్పు!" అన్నాడు వాచ్‌మన్.

గోడౌన్ గేటు దగ్గర, పట్టపగలు, అందరి ముందూ ముసలామె కొంగు విప్పింది. రెండు గుప్పెళ్ల గోధుమలు బురదలో పడ్డాయి. వంగి ఏరబోతే వాచ్‌మన్ బూటు అడ్డం పెట్టాడు. చంకలో చాట లేకుండా ఎవరూ చూడలేదు కాబట్టి ఆమెను చాటవ్వ అంటారు. లోపల బస్తాలు మోస్తున్న ఆమె కొడుకు చూశాడు. హమాలీలంతా చూశారు. చూసి ఏం చేశారు? మోస్తూనే ఉన్నారు.

అసలు సంగతి వినండి. ఆ గోడౌన్ ఊడ్చే ఆడవాళ్లకు జీతం లేదు. హమాలీ కొక్కెం గుచ్చిన చోట రాలే గింజే వాళ్ల కూలి. చాటవ్వ అత్త కాలం నుంచీ అదే కట్టుబాటు. ఆ గింజతోనే ఇద్దరు మనవరాళ్లకూ గంజి. ఇప్పుడు యజమాని కన్ను దాని మీద కూడా పడింది, కోళ్ల దాణాకు అమ్ముతాడట! ఊడవడం మాత్రం మానకూడదట. ఏం కడుపురా నాయనా అది!

ప్రార్థన మందిరం కట్టించింది ఆ యజమానే. ఆదివారం వాక్యం చదివేదీ ఆయనే. ఆయన ఖర్మ కొద్దీ ఆ వారం పాఠం అలా వచ్చింది. పొలం అంచుల దాకా కోయొద్దు, రాలింది ఏరుకోవద్దు, అది పేదవాళ్లది.

చాటవ్వ లేచింది. "మరి మా గింజల సంగతేంటయ్యా?"

"అది పొలం గురించమ్మా. మనది గోడౌన్," అన్నాడాయన చల్లగా. ముందు బెంచీల వాళ్లు నవ్వారు.

సాయంత్రం హమాలీలు, ఊడ్చే ఆడవాళ్లు అందరూ రేకుల షెడ్డు వెనక చేరారు.

"పని ఆపేద్దాం."

"ఆపితే రేపు తినేదేంటి, నీ మాటలా?"

"కొక్కెం లోతుగా దింపుదాం! బస్తాకో దోసెడు రాలాలి," అన్నాడు చాటవ్వ కొడుకు.

"నోర్ముయ్యరా! రాలింది మనది. రాల్చింది దొంగసొత్తు. వాడి చేతికి నువ్వే కత్తిస్తావా?" అంది తల్లి.

చివరికి పని ఆపడానికే చేతులెత్తారు. కొడుకూ ఎత్తాడు. కానీ పొద్దున అందరూ గేటు ముందు కూర్చుని ఉంటే వాచ్‌మన్ "ఏరా, మీ అమ్మ ఇవాళ కొంగు విప్పదా?" అనేసరికి వాడికి ఒళ్లు తెలీలేదు. లోపలికి ఉరికి వరసగా బస్తాలు చీల్చేశాడు. యజమానికి వెతకబోయిన తీగ కాలికి తగిలింది. మధ్యాహ్నానికి పోలీసులు కొడుకుని పట్టుకుపోయారు. లారీలో కొత్త హమాలీలు దిగారు. పాపం, వాళ్లవీ ఎండిన డొక్కలే.

"ఇంకేముంది, మునిగాం," అన్నారు పాతవాళ్లు. నిజమే, మునిగారు.

అప్పుడు యజమాని కబురు పంపాడు. రాలిన గింజ కూడా ఆయనదేనని చాటవ్వ ప్రార్థనలో అందరి ముందూ ఒప్పుకుంటే కొడుకుని విడిపిస్తాడట.

ఆదివారం చాటవ్వ మనవరాళ్లను చెరోపక్కా పట్టుకుని లేచి నిలబడింది.

"నా కొడుకు బస్తాలు చీల్చాడు. తప్పే," అంది. యజమాని తలూపాడు. "కానీ రాలిన గింజ మాది. మీ నోటితోనే చదివారయ్యా. గోడౌన్‌కి వేరే దేవుడున్నాడా?"



"ఆమెన్," అన్నారు వెనక బెంచీ నుంచి ఎవరో. తిరిగి చూస్తే ఒక కొత్త హమాలీ. ఆ వెంటనే ఊడ్చే ఆడవాళ్లు, పాత హమాలీలు అందుకున్నారు.

కొడుకు ఇంటికి రాలేదు. పొయ్యీ వెలగలేదు. సోమవారం పొద్దున కొత్త హమాలీలు కొక్కేలు కింద పడేసి, గేటు ముందు చాటవ్వ పక్కన కూర్చున్నారు.