ఆ సినిమాలో మొగుడు

జవళగేరలో డేరా వేసిన టూరింగ్ టాకీసులో ఆ సినిమా ఆడింది నాలుగు రోజులే. గోరేబాళ పక్కన, కాలువ భూముల కోసం కన్నడ దేశానికి వలసొచ్చిన తెలుగు రైతుల ఆంధ్రా క్యాంపులో మాత్రం నెలరోజులు ఆడింది. టీ కొట్టు దగ్గర ఆడింది, నారుమళ్ల గట్లమీద ఆడింది, నాట్లు వేసే ఆడవాళ్ల నోళ్లలో పొద్దస్తమానం ఆడింది. చూసినవాళ్లకంటే చూడనివాళ్లకే దానిమీద ఎక్కువ అభిప్రాయాలుండేవి.

కథ పెద్దదేమీ కాదు. కలిగినింటి ఇల్లాలికి ఒక్కగానొక్క కూతురు చచ్చిపోతుంది. ఆవిడ వీధిలో పూలమ్మేదాని కూతుర్ని చూసి ముచ్చటపడి ఇంటికి తెస్తుంది. చచ్చిపోయిన పిల్ల బట్టలు తొడుగుతుంది, ఆ పేరే పెట్టి పిలుస్తుంది, మెల్లమెల్లగా గడప దాటనివ్వడం మానేస్తుంది. మొగుడు అన్నీ చూస్తూ ఊరుకుంటాడు. చివరి రీల్లో కన్నతల్లి వచ్చి తలుపు బాదుతుంటే కూడా ఆ మహానుభావుడు వరండాలో స్తంభం పట్టుకుని నిలబడతాడు. జనం తలుపు బద్దలుకొట్టి వెళ్లేసరికి లోపల ఎవరూ ఉండరు. దొడ్డి తలుపు తెరిచి ఉంటుంది, దాని అవతల బావి. అంతటితో ఆపేశారు. శుభం అని కూడా వెయ్యలేదు.

తంటా అంతా ఆ ఆపడంతోనే వచ్చింది. బావిలో దూకారని సగం క్యాంపు, పారిపోయారని సగం క్యాంపు. కాలువ తూములు తీసి మూసే లస్కరు మహదేవప్ప, అసలు చివరి రీలు డేరావాడే మింగేశాడని తేల్చేశాడు. గోరేబాళ నుంచి నాట్ల ముఠాని తెచ్చే కరియమ్మ పూలమ్మేదాన్ని తిట్టింది. పిల్లకి రెండు పూటల బువ్వ, పట్టులంగా దొరికితే ఎందుకు లబలబలాడాలని ఆమె ప్రశ్న. "పది దినాలు వాళ్లింట్ల ఉంటే ఏం పోతది?" అంది, నడుం వంచి నారు గుచ్చుతూనే.

అందరికంటే గట్టిగా మాట్లాడినవాడు శివరామకృష్ణయ్య. అంత పేరు పిలిచే తీరిక నాట్ల కాలంలో ఎవరికీ లేక శివయ్య అయ్యాడు. గుడివాడ దగ్గర ఉన్న రెండెకరాలూ అమ్మి, కాలువ వస్తుందన్న మాట నమ్మి, ఇక్కడ పన్నెండెకరాల రేగడి కొన్న మనిషి. టీ గ్లాసు బల్లమీద ఠక్కున పెట్టి తీర్పు చెప్పాడు.

"తప్పంతా ఆ మొగుడిదండీ. అది మన పిల్ల కాదే అని ఒక్క మాట అనలేడా? నేనైతే ముందు దొడ్డివైపు పోయి నిలబడేవాణ్ణి."

అందరూ బాగుందన్నారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. తెరమీదవాడైతే మరీ లోకువ, తిరిగి ఒక్క మాట అనడు.

నిజానికి శివయ్య ఆ సినిమాకి వెళ్లింది వినోదానికి కాదు. అతని కూతురు నాగరత్నం కిందటేడు ఇదే నాట్ల కాలంలో పోయింది. ఎనిమిదేళ్ల పిల్ల. జ్వరం తగిలిన నాలుగోరోజు భార్య తులసమ్మ బండి కట్టమంది, సింధనూరు ఆస్పత్రికి పోదామంది. ఆరోజు శివయ్యకి నీళ్ల వంతు. కాలువ చివరి భూములకి వారానికొక పూట వంతు, అది తప్పితే నారు ఎండిపోతుంది. అతను పిల్ల నుదుటిమీద చెయ్యేసి, "జ్వరం లేదులే, తగ్గిపోయింది, రేపు చూద్దాం" అని పార భుజాన వేసుకుని పోయాడు. మర్నాడు బండి కట్టాడు గానీ, ఆ బండి సగం దారిలోంచే వెనక్కి తిరిగింది.

తులసమ్మ ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తినా బాగుండేదని అతను ఏడాదిగా అనుకుంటున్నాడు. ఆవిడ ఏడవను కూడా లేదు. ఏడుపు లోపలే ఉండిపోతే మనిషికి మంచిది కాదని, ఎలాగైనా ఏడిపించమని క్యాంపులో పెద్దవాళ్లు చెప్పారు. ఏడుపు సినిమా అని విని శివయ్య బెంచీ టిక్కెట్లు కొన్నాడు. డేరా అంతా ముక్కులు చీదుతుంటే తులసమ్మ కళ్లార్పకుండా చూసింది. తిరిగొచ్చేటప్పుడు బండిలో ఒకే ఒక మాట అంది.

"బావిలో దూకలేదండీ. దొడ్డి తలుపు తీసుకుని వెళ్లిపోయారు. ఇద్దరూ ఎక్కడో బాగానే ఉన్నారు."

పారిపోయారన్నవాళ్లు కూడా బాగున్నారని అనలేదు, ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని శివయ్య నవ్వుకున్నాడు. ఏడాది తర్వాత ఆవిడ నోట ఒక అభిప్రాయం వచ్చింది కదా, అదే పదివేలనుకున్నాడు.

ఆ వారంలోనే తులసమ్మ కరియమ్మ కూతురు మారెవ్వని ఇంట్లో వదలమంది. తొమ్మిదేళ్ల పిల్ల ఎండలో గట్టుమీద కూర్చోవడం దేనికంది. మొదటిరోజు తలకి నూనె రాసి జడ వేసింది. మూడోరోజు పెట్టెలోంచి నాగరత్నం ఆకుపచ్చ పరికిణీ తీసింది. శివయ్య పొలం నుంచి వచ్చేసరికి వసారాలో ఆ పరికిణీ అటూ ఇటూ తిరుగుతోంది. గుమ్మంలోనే ఆగాడు. అదే పూట తులసమ్మ రెండోసారి అన్నం వడ్డించుకుని తింది, గుత్తొంకాయ బాగా కుదిరిందని కూడా అంది. ఏడాదిగా ఆ ఇంట్లో ఎవరూ ఏ కూరనీ బాగుందనలేదు. ఇవాళ్టికి ఊరుకుందాంలే అనుకున్నాడు.

అలా ఇవాళ్టికి, ఇవాళ్టికి అంటూ ఊరుకున్నాడు. కరియమ్మ ముఠాకి జవళగేరలో ఎనిమిది రోజుల పని దొరికితే, పిల్లని ఇక్కడే ఉంచి పొమ్మంది తులసమ్మ. కరియమ్మ సరేనంది. సినిమా విషయంలో చెప్పిన అభిప్రాయాన్నే నిలబెట్టుకుంది. ఆ ఎనిమిది రోజుల్లో మారెవ్వ రత్నం అయింది. పిలిస్తే పలికేది. పలక్కపోతే బెల్లం ముక్క లేదని చిన్నపిల్లకి తెలియదా? వీధి తలుపు పగలు కూడా గడియ వేసి ఉండేది. శివయ్య టీ కొట్టుకి వెళ్లడం మానేశాడు. అక్కడ ఇంకా ఆ మొగుడిని తిడుతూనే ఉన్నారు.

తొమ్మిదోరోజు పొద్దున కరియమ్మ వచ్చింది. శివయ్యకి ఆరోజు నీళ్ల వంతు, పార చేతిలో పట్టుకుని వసారాలోకి వచ్చాడు. ఆమె కన్నడంలో కూతుర్ని పిలిచింది. లోపల మాటలు ఆగిపోయాయి. ఇంకోసారి పిలిచింది. తలుపు తట్టింది, తర్వాత రెండు చేతులతో బాదింది. అతనివైపు తిరిగేసరికి ఆమె మొహంలో రంగు లేదు.

"అయ్యా, టీ కొట్టుకాడ అన్నవంట గదా. గా ఒక్క మాట గిప్పుడు చెప్పు."

శివయ్య నోరు తెరిచాడు. పార ఎప్పుడు పడేశాడో, వసారా గుంజని రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ సంగతి అతనికి అప్పుడే తెలిసింది. లోపల దొడ్డి తలుపు గడియ తీసిన చప్పుడైంది.

పరుగెత్తాడు. దొడ్డి అవతల ఇరవై గజాల్లో కాలువ గట్టు. ఇల్లు తిరిగి వెళ్లేసరికి తులసమ్మ చంకలో బట్టల మూటతో, ఒక చేత్తో పిల్ల చెయ్యి పట్టుకుని గట్టు దారి ఎక్కబోతోంది. అతన్ని చూసి బెదరలేదు, ఆశ్చర్యపోయింది.

"ఇంకా పొలం వెళ్లలేదా? ఇవాళ వంతు కదా మీకు. మీరెళ్లండి. పిల్లకి ఒళ్లు కాలిపోతోంది, నేను సింధనూరు తీసుకుపోతున్నా."

శివయ్య పిల్ల నుదుటిమీద చెయ్యేశాడు. కుండలో నీళ్లలా చల్లగా ఉంది. పిల్ల అతని మొహంలోకి చూస్తోంది, తనకి జ్వరం ఉందో లేదో అతను చెబితే తెలుసుకుందామని. జ్వరం లేదు. రెండు ముక్కలు. నాలుక చివరిదాకా వచ్చాయి. కిందటేడు ఇదే చెయ్యి ఇలాగే పెట్టి ఈ రెండు ముక్కలే అన్నాడు. అప్పుడది అబద్ధం, ఇప్పుడు నిజం. అయినా ఈ నోటితో ఆ మాట ఈ మనిషికి ఇంకోసారి ఎలా చెప్పడం? చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

కరియమ్మ వచ్చిపడింది. కూతుర్ని దగ్గరికి లాక్కుని ఆమె కూడా నుదురు తడిమింది. ఏదో అనబోయి తులసమ్మ మొహం చూసింది, శివయ్యని చూసింది. కిందటేడు సగం దారిలోంచి తిరిగొచ్చిన బండి సంగతి ఆమెకీ తెలుసు. పిల్ల చెయ్యి వదలకుండానే, "బండి కట్టయ్యా" అంది మెల్లగా.

కట్టాడు. వెనక తులసమ్మ ఒళ్లో పిల్ల తల, కరియమ్మ ఒళ్లో పిల్ల కాళ్లు. బండి గట్టెక్కుతుంటే మహదేవప్ప తూము దగ్గర్నుంచి కేకలేశాడు, నీళ్లు వచ్చాయని, పొలంలోకి మడవ తెరిచే దిక్కు లేదని. శివయ్య అటు చూడలేదు. సింధనూరులో డాక్టరు నాడి పట్టుకుని ఏమీ లేదంటాడు. ఆ మాట ఆయనే అననీ. అన్నాక ఏం చెయ్యాలో, ఈ బండి ఎవరిని ఎక్కించుకుని ఎవరిని దింపి తిరిగి రావాలో అతనికి తెలియదు. ఆ సినిమాలో మొగుడికీ తెలిసి ఉండదు, పాపం.

"తొందరగా తోలండి" అంది తులసమ్మ వెనకనుంచి. ఏడాదిగా దాచుకున్నది ఆ తర్వాతి మాటలో వచ్చేసింది. "ఈసారన్నా."

శివయ్య ఎడ్లని అదిలించాడు. తాను ఏడుస్తున్నట్టు వాళ్లకి కనపడుతుందని సింధనూరు దాకా వెనక్కి తిరగలేదు.