నమిలిన అక్షరం నాకొద్దు

నేను ఒక ఆజ్ఞను. పుస్తకాలు కూర్చే ఒక కంప్యూటరు పద్ధతిలో నన్ను వెర్బ్ అంటారు. క్రియాపదం అనుకునేరు, కాదు. ‘వెర్బేటిమ్’ అన్న మాటను కత్తిరించి పెట్టిన పేరు, అర్థం ‘ఉన్నదున్నట్టు’. రెండు నిలువు గీతల మధ్య ఏది పెట్టి ఇచ్చినా చుక్క పోకుండా అచ్చులో దించుతాను. అర్థం చెప్పను, దిద్దను, ఎవరికీ మర్యాదలు నేర్పను. ఇంత చిన్న పనికి అంత పొగరా అంటారేమో! అవును, పొగరే.

మా లోకంలో మామూలు గుర్తులకు కూడా దురలవాట్లుంటాయి. అందరిలోకీ ఘనుడు శాతం గుర్తు. అది కనబడితే చాలు, ఆ వరుసలో దాని వెనకున్నదంతా కంపోజు చేసేవాడు తనకోసం రాసుకున్న మాటలనుకుని యంత్రం వదిలేస్తుంది. చప్పుడు చేయదు. ముందొక వాలుగీత తగిలించి దాన్ని లొంగదీయవచ్చు, నిజమే. కానీ అది తగిలించేది మనిషి చెయ్యి. మనుషుల చేతుల సంగతి నన్నడగకండి.

పుట్టింది ఎక్కడో దూరదేశంలో. చాలా చేతులు మారాను. ఒక పరిశోధక విద్యార్థి తన థీసిస్‌లో నాతో రెండు వందల పేజీల చాకిరీ చేయించుకున్నాడు. కృతజ్ఞతల పేజీలో వాళ్ల బావమరిది పేరుంది, నా పేరు లేదు. చివరికి భీమవరంలో మస్తాన్ వలీ అనే డీటీపీ ఆయన దగ్గరికి చేరాను. లెక్కల గైడ్లు కంపోజు చేయడానికి ఈ పద్ధతి నేర్చుకున్నాడాయన. మంచివాడే, కాస్త తొందర మనిషి.

ఆయన దగ్గరికి నీలవేణి వచ్చింది. ఆకివీడులో రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబు ఆమెది. నీటిలో ఆక్సిజన్ కొలిచే మీటరు గురించి రైతుల కోసం తెలుగులో చిన్న పుస్తకం రాసింది. మీటరు తెర మీద ఏ అక్షరాలు పడితే ఏం చెయ్యాలో ఫుట్‌నోట్లలో ఉంది. అలాంటివి నలభై.

వలీ నన్ను ఆ ఫుట్‌నోట్లలో కూర్చోబెట్టాడు. అక్కడే పేచీ వచ్చింది. ఫుట్‌నోట్ కూడా ఒక ఆజ్ఞే, కానీ తిండిపోతు ఆజ్ఞ. ఇచ్చినదంతా ముందు తన నోట్లో వేసుకుని నమిలి, ప్రతి గుర్తుకూ అర్థం చెప్పేసి, ఆ తర్వాత నాకిస్తుంది. పచ్చి వంకాయ కావాలన్నవాడి చేతిలో కూర పెడితే ఏం చేసుకుంటాడు? కుదరదన్నాను. కంప్యూటరు తెర నిండా ఎర్రటి తప్పులు చూపించి పని ఆపేశాను.

“ఏంటండి బాబూ దీని గోల!” అని వలీ నెత్తి కొట్టుకున్నాడు. నలభై చోట్లా నన్ను పీకి పారేసి, వాలుగీతలు చేత్తో తగిలించుకుంటూ పోయాడు. ముప్పై తొమ్మిది చోట్ల గుర్తుంది. ఒక్కచోట మరిచిపోయాడు. పని మాత్రం సాఫీగా సాగింది, ఎవరూ అరవలేదు. మనుషులకు అరవనివాళ్లంటేనే ఇష్టం.

మర్నాడు నీలవేణి ప్రూఫు చూస్తూ పదిహేడో పేజీలో ఆగిపోయింది. ‘తెర మీద DO’ అని ఉంది, అంతే. మిగతా అక్షరాలూ లేవు, వాటి తర్వాత నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు వెయ్యమన్న హెచ్చరికా లేదు.

“వలీగారూ, అసలైన మాటే పోయిందండి!”

“ఈ గుర్తులతో పడలేకపోతున్నానండి. అన్నిచోట్లా అక్షరాలకు బదులు, ఇక్కడ ‘ఆక్సిజన్ శాతం తక్కువ’ అన్నట్టు, శుభ్రంగా తెలుగులో పెట్టేస్తాను. అర్థం అదే కదండి?”

“పోయినేడు మీటరు కంపెనీవాళ్ల కాగితంలో అలాగే వేశారండి,” అంది నీలవేణి. “మా పెదనాన్నకి ఇంగ్లీషు రాదు. తెర మీద ఏవో అక్షరాలు పడ్డాయి. కాగితంలో వెతికాడు, అలాంటివి లేవు. ఇది వేరే ఏదో అనుకుని ఊరుకున్నాడు. ఆ పూటే నాలుగెకరాల రొయ్య పోయింది. అర్థం నాకెందుకండి? అక్షరాలు కావాలి.”

వలీ తలొంచుకున్నాడు. “ఆయ్. కానీ ఉన్నదున్నట్టు దించేది ఫుట్‌నోట్లోకి రానంటోందండి.”

“దాన్ని వంచకండి. మీరే దారి చూడండి.”

ఆ మాటకు నాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నేళ్లలో నా పక్షాన మాట్లాడిన మొదటి మనిషి ఆవిడే.

వలీ రెండు రోజులు పుస్తకాలు తిరగేసి దారి కనిపెట్టాడు. ఫుట్‌నోట్ నోరు తెరవకముందే, ఆరుబయట, నా పని నన్ను చేసుకోనిచ్చాడు. నేను దించినదాన్ని ఒక పెట్టెలో పెట్టి మూత వేశాడు. ఆ పెట్టెను ఫుట్‌నోట్‌కు ఇచ్చాడు. నమలడానికి ఆ తిండిపోతుకు పెట్టే తప్ప అక్షరం దొరకలేదు!

మళ్లీ ప్రూఫు తీసిన రోజున నీలవేణి పెద్దాయన్ని వెంటబెట్టుకొచ్చింది. “ఈసారి ప్రూఫు చూసేది నేను కాదండి, మా పెదనాన్న.”

“కూర్చోండి రాజుగారండి,” అని వలీ కుర్చీ లాగాడు.

పెద్దిరాజుగారు మీటరు తెచ్చుకున్నారు. ఫ్లాస్కులో కాచి చల్లార్చిన నీళ్లు తెచ్చింది నీలవేణి, మరిగిన నీళ్లలో ఆక్సిజన్ ఉండదు కనక. ఆయన మీటరు కడ్డీ ముంచారు. కాసేపటికి తెర మీద అక్షరాలు వెలిగాయి. పదిహేడో పేజీ పక్కన పెట్టుకుని, ఒక వేలు తెర మీద, ఒక వేలు కాగితం మీద, ఒక్కొక్క బొమ్మనే పోల్చుకుంటూ కదిలారు.

DO%_LO.

“ఇదే. ఇయ్యే అక్షరాలమ్మాయీ,” అన్నారు. పక్కనున్న తెలుగు పైకి చదివారు: “ఏరియేటర్లు వెంటనే వెయ్యాలి. మేత ఆపాలి.” ఇంకోసారి చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “అప్పుడు గనక ఇలా ఉంటేనా…” అని ఆగిపోయారు.

ప్రూఫు చూసినవాళ్లు సంతకం పెట్టాలన్నాడు వలీ. ఆయన పెన్ను తీసుకుని, పేజీ అడుగున పెద్ద పెద్ద అక్షరాలతో రాశారు: ‘ఉన్నదున్నట్టు ఉంది. పెద్దిరాజు.’

నేనొకదాన్ని ఉన్నానని కూడా తెలియని మనిషి నా పేరు రాశాడు.

అచ్చయిన పుస్తకంలో మాత్రం నేను కనిపించను. కాస్త సర్దుకుపో, అందరితో కలిసిపో అని ఇప్పటికీ సలహాలిస్తూనే ఉంటారు. పెట్టె కట్టి ఇవ్వండి, ఎక్కడికైనా వస్తాను. నమిలి ఇచ్చారా, మళ్లీ పని ఆపేస్తాను.