రూప్లి యాడి ముడి

రూప్లి యాడిని జీపెక్కించినప్పుడు ఆమె కాళ్లకు చెప్పులు లేవు. జ్యోత్స్న కాళ్లకు ఉన్నాయి. ఆ తేడా గమనించింది జ్యోత్స్న ఒక్కతే. తక్కిన తండా అంతా జీపు వెనక విసిరేసిన కట్టెల మోపునూ, ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ అనిల్‌కుమార్ చేతిలోని గొడ్డలినీ, మోకాలు పట్టుకుని మెట్టెక్కలేక ఎక్కుతున్న అరవై ఏడేళ్ల ముసలమ్మనూ చూస్తోంది.

“నేనేం చేసిన సారూ? ఎండుపుల్లలు ఏరుకున్న. పచ్చి చెట్టును ముట్టలే,” అంది రూప్లి.

“గదంత ఆఫీసుల చెప్పుకో. గ్యాస్ తీసుకున్ననాడు కట్టెకు పోము అని మీరే రాసిచ్చిండ్రు. ఏలిముద్రలు గూడ ఏసిండ్రు.”

జీపు కదిలింది. లంబాడీ తండాల్లో తల్లిని యాడి అంటారు. మొగుడూ కొడుకూ పోయి ఒంటరిదైన రూప్లిని తునికిబండ తండాలో పిల్లలూ ముసలాళ్లూ అందరూ యాడి అనే పిలుస్తారు. ఆ యాడి జీపులోంచి వెనక్కి తిరిగి ఒక్కసారి జ్యోత్స్న వైపు చూసింది. తిట్టలేదు, శపించలేదు. రెండు తిట్లు తిట్టినా జ్యోత్స్నకు కాస్త ఊపిరాడేది.

ఎందుకంటే ఆ మోపు ఎవరిదో అనిల్‌కుమార్‌కు చెప్పింది జ్యోత్స్నే.

ఆ కథ చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి. కొన్నేళ్ల కిందట తండాకు గ్యాస్ కనెక్షన్లు వచ్చాయి. స్టవ్వు ఊరికే, మొదటి సిలిండర్ ఊరికే. బదులుగా అడవి కమిటీ తీర్మానం మీద అందరూ వేలిముద్ర వెయ్యాలి. ఇకమీదట కట్టెల కోసం అడవిలోకి పోము, పోతే ఏ చర్యకైనా బాధ్యులం అని అందులో రాసుంది. చదవడం వచ్చిన జ్యోత్స్న ఆ కాగితం పూర్తిగా చదివింది. చదివి కూడా మహిళా సంఘానికీ అడవి కమిటీకీ లీడరుగా స్టాంపు ప్యాడు పట్టుకుని గడపగడపకూ తిరిగింది. “ఎయ్యండమ్మా, ఏం గాదు, పొగ పోతది, కండ్ల మంట పోతది,” అంది. ఆడవాళ్లు ఆ కాగితాన్ని నమ్మలేదు, జ్యోత్స్నను నమ్మారు.

తర్వాత సిలిండర్ ధర వెయ్యి దాటింది. తండాకు తెచ్చినందుకు బండి కిరాయి వేరే. మిరప తోటలో మూడు రోజులు వంగి ఏరితే వచ్చే కూలి ఒక్క సిలిండర్‌కు చాలదు. సిలిండర్లు ఇళ్లల్లో మూలకు చేరాయి. ఒకామె దాని మీద గుడ్డ కప్పి టీవీ పెట్టింది, ఇంకొకామె పిండిడబ్బా పెట్టింది. గ్యాస్ ఇచ్చినప్పుడు ఫొటో దిగిన అధికారులు నిప్పు ఎలా రాజుకుంటోందో చూడ్డానికి మళ్లీ రాలేదు. ఆడవాళ్లు మళ్లీ అడవి దారి పట్టారు, ఈసారి దొంగల్లా.

జ్యోత్స్న ఇంట్లో స్టవ్వు మాత్రం తళతళలాడుతూ ఉండేది. దాని మీద చాయ్ కాగేది, చుట్టాలొస్తే కూర ఉడికేది. మిగతా వంటంతా పెరట్లో, పాత ఫ్లెక్సీ అడ్డంగా కట్టిన మట్టిపొయ్యి మీద. భర్త కోటేష్ ట్రాలీ ఆటో సంపాదన డీజిల్‌కే సరిపోయేది కాదు. లీడరమ్మ అడవికి పోతే పరువేం కాను? అందుకని వారానికి రెండు మోపులు రూప్లి యాడి తెచ్చి వెనక దడి దగ్గర పడేసేది. జ్యోత్స్న రెండు సోలల బియ్యం పోసేది. ఈ సంగతి ఈ ఇద్దరికీ కోటేష్‌కూ తప్ప ఎవరికీ తెలియదు.

ఇక ఆ పొద్దున జరిగింది ఇది. వాగు దగ్గర జీపు చప్పుడు విని ఆడవాళ్లు మోపులతో సహా పొదల్లోకి పరుగెత్తారు. మోకాళ్ల నొప్పుల రూప్లి పరుగెత్తలేక మోపు వదిలేసి ఇంటికి చేరింది. అనిల్‌కుమార్ ఆ మోపును తెచ్చి జ్యోత్స్న వాకిట్లో పడేశాడు.

“ఎవరిది చెప్పమ్మా. వార్నింగిచ్చి ఇడిసిపెడత. చెప్పకపోతే కమిటీ మీద రాస్త. మొదటి సంతకం నీదే, యాదుందా?”

మోపు ఎవరిదో తండాలో చంటిపిల్ల కూడా చెబుతుంది. అడ్డతీగ నారతో అందరూ మోపుకు రెండు కట్లు వేస్తారు, ఒకరి మోపు ఇంకొకరు నెత్తికెత్తుతారు. రూప్లి మాత్రం మూడు కట్లు వేసి, నడిమి కట్టుకు చెయ్యి దూరేంత ఉచ్చు వదులుతుంది. అందులో చెయ్యి పెట్టి, మోపును బండకు ఆనించి తనే ఎత్తుకుంటుంది. మోకాళ్ల వల్ల ఆమె అందరికంటే వెనకబడుతుంది, ఎత్తడానికి పక్కన ఎవరూ మిగలరు.

జ్యోత్స్న ఆ ఉచ్చును చూసింది. పెరట్లో ఫ్లెక్సీ వెనక పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. పొగ ఎక్కడ బయటికొస్తుందోనని వెనక్కి చూసుకుంది.

“రూప్లి యాడిది,” అంది.

నోరు జారిందని తర్వాత తనకు తాను ఎన్నిసార్లు చెప్పుకుందో! జారలేదు. తెలిసే అంది.

పొద్దెక్కేసరికి కూలీ సంఘం కిషన్‌లాల్ రేంజ్ ఆఫీసు దాకా మోటారు సైకిల్ మీద పోయి వచ్చాడు. అంగన్‌వాడీ ముందు జనం పోగయ్యారు. కూలికి పోవలసినవాళ్లు కూడా ఆగిపోయారు.

“వరండాల కింద కూసోబెట్టిండ్రు. నీళ్లు నేనే ఇచ్చిన. పచ్చి టేకు నరికిందని రాస్తున్నరు. రేపు కోర్టంట,” అన్నాడు కిషన్‌లాల్. “ఇంకోటి. ఈ మోపు ఎవరింటికి తీస్కపోతున్నవో చెప్పు, నిన్ను ఇడిసిపెట్టి వాళ్లను పట్టుకుంటం అన్నరంట. యాడి నోరు తెరవలే.”

జ్యోత్స్న కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పక్కనున్నవాళ్లు జాలిపడుతోందనుకున్నారు.

తండా పెద్ద దేవ్లా గొంతు సవరించుకున్నాడు. “సర్కారుతోని లొల్లి మనకెందుకు? ఇంటికింత ఏసుకుందాం. ఫైన్ కట్టి ముసల్దాన్ని తెచ్చుకుందాం.”

“ఇయ్యాల యాడికి కడతం. రేపు నీ కోడలును పడితే?” అంది కళ్యాణి. ఆమె కోటేష్ చెల్లెలు, భద్రాచలంలో నర్సింగ్ చదువుతోంది, సెలవుకు వచ్చింది. “పొయ్యి రోజూ ముట్టియ్యాలె తాతా. రోజూ ఫైన్ కడతమా?”

“మరి గ్యాసే కొనుక్కో పో!” అన్నాడొకడు.

“నువ్వు కొని తే! మూడు నెలలాయె, నా సిలిండర్ మీద టీవీ కూసున్నది,” అని వెనకనుంచి ఒకామె లేచింది. “ధర పెంచేటోడు మమ్మల్ని అడిగి పెంచిండా? కట్టెకు పోతె దొంగ అంటడు. పోకుంటె పిల్లలకు ఏం బెట్టాలె, బియ్యం నానబెట్టి పెట్టాల్నా?”

“టేకు దుంగలు లారీలల్ల పోతుంటె ఈ జీపు ఏడుంటది?”

“మాకు పుల్ల దక్కదు, వాళ్లకు దుంగ కనబడదు!”

మాటలు పెరిగాయి. ఎవరో అన్నారు, “అసలు యాడి పేరు వాళ్లకెట్ల తెలిసింది? మనోళ్లే ఎవరో చెప్పిండ్రు.”

అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. జ్యోత్స్న ఊరుకుంటే ఊరుకోవచ్చు, ఎవరూ అడగరు. కానీ అక్కడ వరండాలో ఒక ముసలమ్మ ఈమె పేరు చెప్పనందుకు కూర్చుని ఉంది.

“నేనే చెప్పిన,” అంది జ్యోత్స్న. లేచి నిలబడింది. మళ్లీ అంది. “నేనే. ఆ మోపు నా ఇంటికొచ్చేదే. మా పెరట్ల పొయ్యి ఉన్నది. ఏడాది సంది యాడి తెచ్చిన కట్టెతోనే వండుతున్న. కమిటీ లీడర్ని గద, అడవికి పోతె బాగుండదని. భయమైంది. ఆమె పేరు చెప్పిన.”

ఒకామె నేల మీద ఉమ్మింది. కోటేష్ తల వంచుకున్నాడు.

“మా ఏలు పట్టుకుని నువ్వే గద ముద్ర ఏపిచ్చినవ్,” అంది టీవీ ఆమె. అరవకుండా, మామూలుగా అంది. జ్యోత్స్న అక్కడే కూలబడింది.

“ఏడుపులు తర్వాత,” అన్నాడు కిషన్‌లాల్. కోపం అతనికీ ఉంది, దాన్ని మింగాడు. “తప్పు జ్యోత్స్నది. కాదంటలే. కాని దీన్ని లీడర్ చేసి, మన చేతనే మనకు కాపలా బెట్టించినోడు ఆఫీసుల కుర్చీల కూసున్నడు. ముందు గది చెప్పండి, యాడి మీద వాళ్లకాడ ఉన్న సాక్ష్యమేంది?”

“మోపు,” అన్నారెవరో.

“మోపు అడవిల దొరికింది. యాడిదని ఎట్లంటరు?”

“ముడిని బట్టి,” అంది జ్యోత్స్న, తలెత్తకుండా.

“ఆ ముడి ఒక్క యాడికేనా వచ్చేది?”

కళ్యాణి లేచి ఇంటి చూరు కింది కట్టెలు నాలుగు చంకన పెట్టుకొచ్చింది. నార తీసింది. ఒకటి, రెండు, మూడు కట్లు. నడిమి కట్టుకు చెయ్యి దూరేంత ఉచ్చు. పైకెత్తి చూపింది. టీవీ ఆమె మొదట నవ్వింది, తర్వాత తన ఇంటికి నడిచింది.

మధ్యాహ్నానికి నలభై ఆరు మోపులు తయారయ్యాయి. ఖాళీ సిలిండర్లను కోటేష్ ట్రాలీ ఆటోలోకి ఎక్కించారు. బూర్గంపాడు దారిలో బస్సులు ఆపి మరీ చూశారు జనం. నెత్తిన మోపులతో ఆడవాళ్లు బారుగా, వెనక మగవాళ్లు, వాళ్ల వెనక గడగడలాడుతూ సిలిండర్లు. “గ్యాస్ నింపు, లేకుంటె కట్టెకు అడ్డం రాకు!” అని కళ్యాణి అరిస్తే అందరూ అందుకున్నారు. జ్యోత్స్న చివర నడిచింది. ఆమెతో ఎవరూ మాట్లాడలేదు, వెళ్లిపొమ్మని కూడా అనలేదు. అలవాటు లేని మెడ రెండు మైళ్లకే విరిగిపోతున్నట్టయింది. వారానికి రెండుసార్లు యాడి ఇంత బరువు మోసిందా?

రేంజ్ ఆఫీసు ఆవరణలో రూప్లి మోపు ఒక మూలన ఉంది. ఆడవాళ్లు సరాసరి పోయి దాని మీదా, చుట్టూ తమ మోపులు పడేశారు. లోపలినుంచి రేంజ్ ఆఫీసర్ పరుగున వచ్చాడు.

“ఏయ్! అది కేసు ప్రాపర్టీ! ఏది ఆమెదో తియ్యవయ్యా అనిల్‌కుమార్.”

అనిల్‌కుమార్ ఉచ్చు కోసం వెతికాడు. దొరికింది. పక్క మోపుకూ దొరికింది. దాని కిందిదానికీ దొరికింది. ఎండలో చెమటలు కారుతూ మోపుల మధ్య తిరుగుతుంటే ఆడవాళ్లు నవ్వారు. మొదట ఒకరిద్దరు, తర్వాత ఆవరణంతా. వరండాలో కింద కూర్చున్న రూప్లి మెడ చాచి చూసింది. అన్ని మోపులకూ తన ముడి కనిపించి నోరు తెరిచింది.

“అది కాదు సార్,” అనిల్‌కుమార్ ఉడుక్కున్నాడు. “సాక్షి ఉన్నది. కమిటీ లీడరే చెప్పింది. అగో, జ్యోత్స్న.”

నవ్వు ఆగిపోయింది. అందరూ వెనక్కి తిరిగారు. జ్యోత్స్న ముందుకు నడిచింది.

“అవ్, చెప్పిన,” అంది. “పొద్దుగాల సగమే చెప్పిన, ఇప్పుడు మొత్తం చెప్త, రాసుకోండి. కట్టింది ఎవరైనా గాని, ఆ కట్టె నాది. నా పొయ్యిలకే తెచ్చింది. తీర్మానం మీద మొదటి సంతకం గూడ నాదే. దొంగ ఎవరన్న ఉంటె నేను.”

“నాది గూడ రాసుకో!” అంది టీవీ ఆమె. “నా మోపు గూడ నీ కాడనే ఉన్నది.”

“నాది!” “నాది రాయి!” నలభై ఆరు గొంతులు. దేవ్లా ముసలాడు కూడా తన పేరు రాయమని చెయ్యెత్తాడు. ఆయనకు మోపు లేదని ఎవరో అంటే, “నేను తిన్న గద,” అన్నాడు.

రేంజ్ ఆఫీసర్ ఫోను మీద ఫోను చేశాడు. గంట తర్వాత పోలీసు జీపు వచ్చింది. ముసలామెను పంపించెయ్యండి, మొదట ఒప్పుకున్నామెను స్టేషనుకు తీసుకుపొండి అని ఫోనులో పై అధికారులు చెప్పారు.

రూప్లి వరండా దిగి వచ్చింది. జ్యోత్స్న చెప్పులు విడిచి ఆమె ముందు పెట్టింది. రూప్లి వాటివైపు చూడనైనా చూడలేదు. జ్యోత్స్న తెచ్చిన మోపు దగ్గర ఆగి ఉచ్చు పట్టుకుని లాగింది. ముడి ఊడిపోయి కట్టెలు జలజలా రాలాయి.

“గిట్ల కడితె సగం బాటల జారిపోతది,” అంది. గొంతుక్కూర్చుని కట్టెలు దగ్గరికి చేర్చింది. మొదటి కట్టు, రెండోది, మూడోది. ముడి మీద జ్యోత్స్న వేలు పెట్టించి, తాను నార బిగించింది.

“యాడీ, నన్ను...” అంది జ్యోత్స్న.

“బెయిలొచ్చినంక నాతోని అడవికి రా,” అంది రూప్లి. “నీ మోపు నువ్వే మొయ్యి.”

కానిస్టేబుల్ పిలిచాడు. జ్యోత్స్న వట్టి కాళ్లతో జీపెక్కింది. జీపు కదిలేసరికి ఆవరణలో మోపులన్నీ మళ్లీ నెత్తికెక్కుతున్నాయి. స్టేషను దాకా వెనకే నడుస్తామని కళ్యాణి కేకేసి చెబుతోంది. రూప్లి అలవాటు ప్రకారం అప్పుడే కట్టిన మోపు ఉచ్చులోకి చెయ్యి దూర్చి ఆనించడానికి బండ కోసం వెతికింది. ఈలోగానే టీవీ ఆమె ఒకవైపూ, కళ్యాణి ఇంకోవైపూ పట్టి మోపును ఆమె నెత్తికెత్తారు.