అనపగింజల మార్కులు

మార్కులు వేయమంటే పిసినారితనం చేసే మనిషి కాదు పరగోడు లక్ష్మీనరసమ్మ. ఆ ఇంట్లో ఎవరికి ఏది కొలిచి ఇచ్చినా శేరు మీద రాశి నిలిచేలా పోస్తారే గానీ, అంచును చేత్తో తుడిచి ఇవ్వరు. తుడిచి ఇస్తే ఇచ్చిన ఇంటికే లోటని వాళ్ల అత్త నేర్పింది. ఆ మంచి అలవాటే ఆమె కొంప ముంచింది.

ఆమె మనవరాలు అర్పితకు పుట్టుకతోనే కాళ్లు బిగుసుకుపోయాయి. నోరు మాత్రం గలగలమంటుంది. తల్లిదండ్రులు ద్రాక్షతోటల పనికి పోతే, పిల్ల అవ్వ చంకలోనే పెరిగింది. బాగేపల్లిలో అంబుజాక్షి నడిపే చిన్న సంస్థ ఇలాంటి పిల్లల కోసం ప్రతి మంగళవారం నయన అనే ఫిజియోథెరపిస్టును పరగోడుకు పంపేది. నయన ఆ కాళ్లను సాగదీసి, పిల్లను కాసేపు ఏడిపించి, కాసేపు నవ్వించి పోయేది. మొదట్లో మడమ నేలకు ఆనని పిల్ల, ఈమధ్య ఎవరైనా చంకల కింద పట్టుకుంటే నిలబడుతోంది. మధ్యలో మానేస్తే కాళ్లు మళ్లీ బిగుసుకుంటాయని నయన ముందే చెప్పింది.

ఈ పనికి డబ్బిచ్చేది బెంగళూరులోని ఒక ఫౌండేషను. ఇదివరకు వాళ్ల మనుషులు కారులో వచ్చి, చుట్టూ చూసి, తమకు తోచింది రాసుకుని పోయేవాళ్లు. అంబుజాక్షికి అది ఒళ్లుమంట. పని ఎంతవరకు ఫలించిందో చెప్పాల్సింది పిల్లల ఇంటివాళ్లు కదా అని వాళ్లతో వాదించి వాదించి చివరికి ఒప్పించింది. ఇకమీదట ఫౌండేషనూ, సంస్థా కలిసే చూడాలి, జనం వేసిన మార్కులను ఎవరూ దిద్దకూడదు. ఫౌండేషను తరఫున వచ్చిన సుధన్వ కూడా మంచివాడే. ఈ కథలో చెడ్డవాళ్లెవరూ లేరు. ఉండుంటే వాళ్లనైనా తిట్టుకుని ఊరుకుందుము.

ఆ రోజు లక్ష్మీనరసమ్మ అరుగు మీదే గుడ్డ పరిచి బొమ్మలు పెట్టారు. ఒకదాంట్లో పిల్ల నిలబడి ఉంది, ఒకదాంట్లో తన చేత్తో తింటోంది, ఇంకోదాంట్లో చెంబు పట్టుకుని తనంతట తాను బయటికి పోతోంది. ఒక్కో బొమ్మ ముందు ఒక గిన్నె. మీ పిల్ల ఎంతవరకు చేయగలిగితే అంతకు తగినన్ని అనపగింజలు వేయండని సుధన్వ కన్నడలో చెప్పాడు, అంబుజాక్షి తెలుగులో చెప్పింది. చెప్పడం బాగానే చెప్పారు. లక్ష్మీనరసమ్మకు అర్థమైంది మాత్రం ఇది అంబుజాక్షికి పెట్టిన పరీక్ష అని. మనింట్లో కూర్చుని సంగటి ముద్ద తిన్న ఆడబిడ్డకు, పై ఊరి మనిషి ఎదుట, తక్కువ మార్కులు వేస్తామా?

గింజలకేం కరువు, నిండా పోయండని పక్కనున్న మిగతా పిల్లల ఇళ్ల ఆడవాళ్లకు గుసగుసగా చెప్పింది. తను దోసిలితో పోసింది. గిన్నెలన్నీ పొర్లిపోయాయి. అంబుజాక్షి ముఖం పాలిపోయింది. అర్పిత నిజంగా తన చేత్తో తింటోందా అని ఇంకోసారి అడిగింది కూడా. నీ దయవల్ల అంతా బాగుందని లక్ష్మీనరసమ్మ నిండుగా నవ్వింది. అంబుజాక్షి ముఖం అలా అయింది సంతోషంతోననుకుంది, పిచ్చితల్లి.

ఉగాది తర్వాత నయన రావడం మానేసింది. ఎదురుచూడగా చూడగా ఒక రోజు అంబుజాక్షే వచ్చి, గడప దగ్గరే కూలబడి విషయం చెప్పింది. గిన్నెలు నిండాయి కాబట్టి ఇక్కడి పిల్లలకు ఇక సాయం అక్కర్లేదని తేలింది. చింతామణి వైపు పల్లెల్లో గింజలు గిన్నెల అడుగు కూడా కప్పలేదు, నయనను అటు పంపారు. నిజం ఇది కాదని తను మొత్తుకుంది గానీ, జనం మార్కులు దిద్దకూడదని పట్టుబట్టింది తనే కదా, ఏ మొహంతో దిద్దమంటుంది?



"ఆ గింజలు నీకని పోస్తిని గదమ్మా," అంది లక్ష్మీనరసమ్మ. "పిల్లకని తెలీదే నాకు."

ఎదురుగా పోయి నోరు తెరిచి చెబితే వినకపోతారా అని, సుధన్వ చిక్కబళ్ళాపురానికి మీటింగుకు వచ్చిన రోజు పిల్లను చంకనేసుకుని బస్సెక్కింది. అంబుజాక్షి ఆమెను లోపలికి తీసుకుపోయింది. సుధన్వ మర్యాదగా కుర్చీ వేసి, ఉన్నదున్నట్టు చెప్పండమ్మా అన్నాడు. పిల్లను బల్ల పక్కన ఇంకో కుర్చీలో కూర్చోబెట్టారు. కాసేపు బయట ఉంచుదామంటే ఎవరి దగ్గర ఉంచాలి? చెప్పక తప్పలేదు.

"దీనికి నిలబడేకి రాదప్పా. తినేకి రాదు. బయటికి పోవల్లని చెప్పేలోపే గుడ్డల్లో అయిపోతాది. ఇది ఏమీ చెయ్యలేదు."

ఊళ్లో ఇంకెవరైనా ఆ మాటలంటే కొంగు బిగించి కొట్లాటకు పోయే మనిషి ఆమె. అర్పిత అవ్వ వంక చూసింది. ముఖమంతా ఎర్రబడింది.

"వస్తాది," అంది పిల్ల.

బల్ల అంచు రెండు చేతులా పట్టుకుంది. పళ్లు బిగించి లేచింది. ఎవరూ పట్టుకోకుండా ఆ పిల్ల నిలబడటం పుట్టాక అదే మొదలు. సుధన్వ ముఖం విచ్చుకుంది. భేష్ అంటూ అంబుజాక్షి వైపు తిరిగాడు.

ఈ ఒక్క పొద్దు కోసం లక్ష్మీనరసమ్మ మొక్కని దేవుడు లేడు. ఆ పొద్దు వచ్చి ఎదురుగా నిలబడితే ఆమె ఏం కోరుకుందో తెలుసా? పడిపోవే తల్లీ, ఇప్పుడే పడిపో, ఈయన చూస్తుండగానే పడిపో అని కోరుకుంది. చూశావా అన్నట్టు పిల్ల ఆమె వైపు తిరిగి నవ్వింది. అంతలో మోకాళ్లు వంగిపోయాయి. చెయ్యి చాస్తే అందేంత దగ్గరలోనే ఉంది అవ్వ, చెయ్యి లేవలేదు. అంబుజాక్షి ఉరికి వచ్చేలోపే గడ్డం బల్లకు కొట్టుకుంది.

సుధన్వ కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతా రాసుకున్నాడు. పైవాళ్ల ముందు పెడతానన్నాడు, వచ్చే ఏడు తప్పకుండా చూద్దామన్నాడు. ఈ ఏడు మాత్రం నయనను చింతామణి పిల్లల నుంచి లాక్కురాలేనన్నాడు. ఆ మాటా న్యాయమే, ఎవరితో పోట్లాడాలి?

మళ్లీ బాగేపల్లి బస్సెక్కారు. చెదలాపురం దాటాక పిల్ల గడ్డం తడుముకుంటూ అడిగింది.

"అవ్వా, ఎప్పుడూ పట్టుకుంటావే. ఈ పొద్దు ఏంటికి పట్టుకోలేదు?"

"చూసుకోలేదు బంగారూ," అంది లక్ష్మీనరసమ్మ.

పిల్ల నమ్మింది. నమ్మి, ఆమె ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది.