బీడీ దారం, ఎర్ర లైటు

ఆర్కెస్ట్రా నడిపే దత్తాత్రికి మొహమాటం లేదు. "నర్సప్పా, నీ కీబోర్డు చెవుల్ల సూదులు గుచ్చుతున్నది. రేపటికి సరి చెయ్యి. లేకుంటే ఎల్లుండి దేవుని రథం ముందట వాయించనీకి ఇంకో మనిషిని పిలుస్త," అని ఆర్కెస్ట్రా అందరి ముందే అనేశాడు.

నర్సప్పకు కోపం రాలేదు, భయం వేసింది. ఇరవై ఏళ్లు దాజీ పేట్‌లో పవర్‌లూమ్ మగ్గాల హోరు మధ్య నిలబడ్డ చెవులు అతనివి. సన్నటి శబ్దాలు ఎప్పుడో సెలవు తీసుకున్నాయి. పాపం, పిచ్చుకలే అరవడం మానేశాయని చాలా కాలం అనుకున్నాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా నెట్టుకొస్తుంటే, కీబోర్డు బండారం బయటపెట్టేలా ఉంది.

ఆ కీబోర్డుకు ఒక నాబ్ ఉంది. అది తిప్పితే స్వరం మూసుకుని మందంగానో, తెరుచుకుని పదునుగానో అవుతుంది. నర్సప్ప తనకు వినపడేదాకా తిప్పేవాడు. అప్పటికి మిగతావాళ్ల చెవులకు తూట్లు పడేవి.

ఇంటికి కీబోర్డు మోసుకొచ్చేసరికి భార్య ద్రౌపది బీడీలు చుడుతోంది. సిగ్గు చంపుకుని చెప్పాడు. "నాకు సన్నటి ఆవాజ్ ఇనొస్తలేదు."

ఆమె నవ్వలేదు. "నాకెరికే. పిట్టలు లేవన్నవు గద, గా దినమే ఎరికైంది. తిప్పు, నా మొకం జూడు."

తిప్పాడు. ద్రౌపది నొసలు ముడిపడింది. కాస్త వెనక్కి తిప్పాడు. ముడి వీడింది.

"బస్, ఆడ్నే." చేటలోంచి బీడీలకు కట్టే ఎర్ర దారం తెంచి నాబ్‌కు చుట్టి, ముడి సరిగ్గా పైకి వచ్చేలా కట్టింది. ముడి పైకి రాగానే ఆగాలి, అంతే.

ఇక వేగం. స్వరం దానంతట అదే తెరుచుకుని మూసుకునేలా చేసే నాబ్ ఇంకొకటి ఉంది. అది ఎంత వేగంగా ఊగుతోందో ఒక ఎర్ర లైటు మిణుకుతూ చూపిస్తుంది. ఆ ఊపు ఢోల్కీతో ఏనాడూ కలవలేదు. మర్నాడు రిహార్సల్‌లో నర్సప్ప చెప్పులు విడిచి, చెక్క వేదిక మీద పాదాలు ఆనించాడు. మగ్గం నడక కాస్త మందగించినా ఇరవై ఏళ్లుగా ముందు పసిగట్టింది ఆ పాదాలే. ఢోల్కీ దెబ్బ కాలికి తగలడమూ, లైటు మిణకడమూ ఒక్కటయ్యేదాకా తిప్పాడు. ఊపు తీరు మార్చే మీట జరిపి, స్వరం మెల్లగా విచ్చుకుని దెబ్బ మీద టక్కున మూసుకునేలా పెట్టాడు.

ఢోల్కీ రామచంద్రం తల ఊపడం మొదలుపెట్టాడు. పాటంతా ఊగింది. నర్సప్పకు ప్రాణం లేచి వచ్చింది.

పాట అయ్యాక దత్తాత్రి దగ్గరికొచ్చి దారం మీద చెయ్యి వేశాడు. "గీ కచరా ఏంది?"

నర్సప్ప చెయ్యి అడ్డం పెట్టాడు. ఇక దాచి లాభం లేదు. "ముట్టకు దత్తన్నా. మగ్గాల కాడ నా చెవులు పోయినయ్. గది మా ద్రౌపది చెవి."

దత్తాత్రి దారం మీంచి చెయ్యి తీసేశాడు. "ఇంకో దారం జేబుల పెట్టుకొని రా," అన్నాడు. "రేపు రథం నడిమిట్ల తెగితే ఎట్ల?"