కళ్లు మూసుకున్న కోపం

హుకుం ఏదొచ్చినా చదివి వినిపించేది తీగల మావే. శిబిరంలోని కంప్యూటర్లూ, టెలిఫోనూ, వాటి తీగలూ ఆయన చేతి కింద ఉండేవి కనుక కుర్ర సైనికులు ఆయనకా పేరు పెట్టారు. తల నెరిసిన మనిషి. పొద్దున్నే దేవుడికి దండం పెట్టుకోనిదే ఒక్క మీట కూడా నొక్కేవాడు కాదు.

ఆ మధ్యాహ్నం భోజనాల గదిలో నిలబడి కొత్త హుకుం అందరికీ వినిపించాడు. రేపటి నుంచి సైన్యం నెట్‌వర్కు మీద సోషల్ వెబ్‌సైట్లు తెరుచుకోవు. శిబిరం చుట్టుపక్కల సెల్‌ఫోన్ సిగ్నలు ఎలాగూ లేదు.

గది ఘొల్లుమంది.

"ఎవడి పుణ్యంరా ఇది?"

అందరూ పొడుగు అని పిలిచే కుర్ర సైనికుడి వైపు తిరిగారు. వాడు బట్టలారేసే తాడు ముందు బనీనుతో నిలబడి ఫొటో దిగి నెట్‌లో పెట్టాడు. వెనక కొండ, కొండ మీద రాడారు, అన్నీ లోకం కంటబడ్డాయి.

"నా కండలు చూపిద్దామనుకున్నా అన్నా," అన్నాడు పొడుగు నేల చూపులు చూస్తూ.

"నీ కండలెవడు చూశాడ్రా, దోమకి కూడా ఆనవు!"

నవ్వుల్లో కోపం కొంత తగ్గింది. "టెలిఫోను ఉందిగా, వంతులవారీగా ఇళ్లకి మాట్లాడుకోండి," అన్నాడు తీగల మావ. సర్దుకుపోదాం అన్నట్టు తలలూపారు. పప్పు వడ్డిస్తున్న వంటవాడి ధ్యాస మాత్రం ఎటో పోయింది. అతన్ని అందరూ గరిటె అంటారు. అతని చేతిలోని పప్పు కంచంలో కాకుండా బల్ల మీద పడింది.

గిన్నెలు కడగడం అయ్యాక తీగల గదికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"మావా, టెలిఫోను అందరికీ పనికొస్తుంది. నాకు?"

గరిటె భార్యకు పుట్టుకతో వినపడదు. బడికి పంపినవాళ్లు లేరు కనుక ఉత్తరమూ చదవలేదు. వాళ్లిద్దరి కాపురమంతా చేతుల్లోనే, కళ్లల్లోనే. సాయంత్రాలు గరిటె చివరి కంప్యూటరు ముందు కూర్చుని, ఆ వెబ్‌సైటు తెరిచి గాల్లో చేతులు తిప్పుతుంటే, తెర మీద ఆ పిల్ల పడీ పడీ నవ్వడం తీగల మావ ఎన్నోసార్లు చూశాడు. చూసి చూసి ఆయనకూ సగం సైగలు పట్టుబడ్డాయి. మీసం మెలేస్తే మొగుడు. భుజాన సంచీ ఎత్తుకున్నట్టు చేస్తే సెలవు మీద ఇంటికి రావడం.

"నిన్న గొడవైంది మావా," అన్నాడు గరిటె. "సెలవు వంతు నాదే కదా. పొడుగ్గాడి నాన్నకి బాగోలేదంటే వాడికి ఇచ్చేశా. ఆ సంగతి ఆవిడకి నిన్న చెప్పా."

"మంచి పనే చేశావుగా?"

"ఇవ్వడం మంచిదేనట. తనతో ఒక్క మాట అనకుండా ఇవ్వడమే చెడ్డదట. 'ఊరందర్నీ అడుగుతావు, నన్నడగవు' అంది. నేనేదో చెప్పబోయా. కళ్లు మూసేసుకుంది."

"మూసుకుంటే ఏమైంది?"

"నీ మీద కోపమొస్తే అత్తయ్య ఏం చేస్తుంది? అరుస్తుంది, లోపలికెళ్లి తలుపేసుకుంటుంది. నువ్వు తలుపు బయట నిలబడైనా బతిమాలుకోవచ్చు. మా ఆవిడ కళ్లు మూసుకుందంటే నాకిక తలుపూ లేదు, కిటికీ లేదు. మళ్లీ సెలవు వచ్చేదాకా అలాగే ఉండిపోతే?"

మర్నాడు తీగల మావ హుకుం ప్రకారం వెబ్‌సైట్లన్నీ మూసేశాడు. చివరి కంప్యూటరు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. దానికి చిన్న కన్నం వదిలేస్తే ఎవరికి తెలుస్తుంది? స్వామీ, హుకుం తప్పు కాదు, ఆ పిల్లా తప్పు చెయ్యలేదు, మరి ఈ ఇరకాటం ఎందుకు పెట్టావు అనుకున్నాడు. ఒకడి కోసం తెరిచిన కన్నంలో దూరేది ఆ ఒకడే కాడని మాత్రం ఆయనకు తెలుసు. దాన్నీ మూసేశాడు.

ముందు టెలిఫోనుతోనే ప్రయత్నించారు. అటువైపు గరిటె భార్య అక్క, అంటే గరిటెకు వదిన. నియమం ప్రకారం తీగల మావ కూడా లైన్లో ఉన్నాడు.

"వదినా, తప్పు నాదేనని చెప్పు."

"చూస్తేగా చెప్పడానికి? నీ పేరెత్తి మీసం మెలేస్తే చాలు, టక్కున కళ్లు మూస్తుంది."

"తనంటే నాకు ప్రాణమని చెప్పు."

"ఛీ! నా నడివయసులో ఆ సైగలు నేను చెయ్యాలా మరిదీ? మీ బావ చూశారంటే నాకు పిచ్చెక్కిందనుకుంటారు!"

టెలిఫోను పెట్టేశాక గరిటె నవ్వాడు గానీ, ఆ రాత్రి కూరలో ఉప్పు లేదు. మర్నాడు రెండింతలు ఉంది. ఇక ఊరుకుంటే లాభం లేదని తీగల మావ మేజరు గదికి వెళ్లి సంగతంతా చెప్పాడు.

"ఇప్పుడు వెబ్‌సైటు తెరవమంటావా?" అన్నాడు మేజరు.

"వద్దు సార్. సరుకుల గోదాంతో మనం రోజూ తెర మీద మాట్లాడతాం కదా, అది మన సొంత లైను. గోదాం ఉన్న ఊళ్లోనే ఆ పిల్ల ఇస్త్రీ దుకాణంలో పని చేస్తోంది. మీరు అనుమతిస్తే గోదాముకి వస్తుంది."

మేజరు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "చేతులతో మాట్లాడుకుంటారంటున్నావు. ఆ లైను మీద మనకి అర్థం కాని మాట ఒక్కటి కూడా పోకూడదు."

"నాకు కొంత తెలుసు సార్."

"అయితే పక్కనే కూర్చో. మొదట్నుంచి చివరిదాకా చూడు. తల తిప్పావంటే లైను కట్. పూచీ నీది."

"మొగుడూ పెళ్లాల మాటలు సార్..."

"నీకు సిగ్గైతే వాణ్ని మానుకోమను."

వదిన చెల్లెల్ని చెయ్యి పట్టుకుని గోదాముకి తీసుకొచ్చింది. తెర మీద మొదట గోదాం పెద్దాయన కనిపించాడు. బియ్యం బస్తాల లెక్క తప్ప నవ్వు ఎరగని మనిషి. ఉల్లిపాయలు, నూనె, పప్పు అంతా అప్పజెప్పి, పక్కకు జరిగి ఆ పిల్లను కుర్చీలో కూర్చోబెట్టాడు.

ఆమె తెరకు ఎదురుగా కూర్చుంది. కూర్చుని కళ్లు మూసుకుంది.

"ఇదేమిటయ్యా, అమ్మాయి నిద్రపోతోందా?" అన్నాడు పెద్దాయన.

"నిద్ర కాదు బాబాయ్, కోపం," అన్నాడు గరిటె. చేతులు ఊపాడు, దండం పెట్టాడు. చూసేవాళ్లు లేని సైగ గాల్లో కలిసిపోయింది. గోదాం దాకా వచ్చిన పిల్ల రెప్పలెత్తడానికి ఇంత పంతమా అని తీగల మావకు చిరాకేసింది. వెంటనే, రాకుండా ఉండలేకే కదా వచ్చింది అని కూడా అనిపించింది. ఎత్తమని ఎవరైనా అడిగే దాకా ఆగుతోందేమో!

గరిటె ఉన్నట్టుండి బల్ల మీద వేళ్లతో కొట్టాడు. రెండు నిదానంగా, మూడు గబగబా.

"బాబాయ్, వినపడిందా? మీ బల్ల మీద అచ్చం ఇలాగే కొట్టండి. ఆవిడ చేతులు బల్ల మీదే ఉన్నాయి. ఇంటికి వచ్చినప్పుడు నేను గడప మీద అలాగే కొడతాను, ఆ అదురు కాళ్లకి తెలుస్తుంది."

"నేను సరుకులిచ్చేవాణ్ని గానీ డప్పులు వాయించేవాణ్ని కాదు."

"మీ కాళ్లు మొక్కుతా బాబాయ్!"

పెద్దాయన అటూ ఇటూ చూశాడు. గొంతు సవరించుకున్నాడు. బస్తాలు లెక్కపెట్టే గాంభీర్యంతోనే బల్ల మీద రెండు నిదానంగా, మూడు గబగబా కొట్టాడు.

ఆ పిల్ల ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. తన మొగుడి దరువు వేస్తున్నది ఎవరా అని పక్కకు చూసింది. ముఖం ధుమధుమలాడుతూ, కళ్లజోడు ముక్కు చివరికి జారి, పట్టుదలగా దరువేస్తున్న ముసలాయన కనిపించాడు. ఆమెకు నవ్వు ఆగలేదు. ఆ నవ్వుతోనే తెర వైపు తిరిగింది.

గరిటె తన నెత్తిన తానే మొట్టికాయ వేసుకున్నాడు.

ఇక చూడాలి ఆమె చేతులు! ఝామ్మని లేచాయి. సంచీ ఎత్తుకుంది, దింపింది. మీసం మెలేసి, ఊడబెరికి అవతల పారేసింది. వేలు చూపించింది, చెంపలు వాయించినట్టు గాలిని వాయించింది. గరిటె ముఖం దీపంలా వెలుగుతోంది.

"బాగా తిడుతోంది కదా మావా!" అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ.

తీగల మావ ఆ తర్వాతవి కూడా చూశాడు. చెవులు ఎర్రబడినా తల తిప్పలేదు. పూచీ పూచీయే.

సాయంత్రం మేజరు పిలిచి అడిగాడు. "అంతా చూశావా? రహస్యాలేమైనా దొర్లాయా?"

"దొర్లాయి సార్," అన్నాడు తీగల మావ. "సైన్యానివి మాత్రం కావు."