ఇంకొక్క చుట్టు

నూకరత్నమునకు లోకమునందు మిక్కిలి భయమైనది యొక్కటియే: తన మగడెక్కిన సైకిలు ఘాటుదారి పల్లమున నడుమకు విరుగుననియు, పదినెలల కూతురు తండ్రి మొగము నెరుగకయే పెరుగుననియు. ఆమె పాములకు వెరవదు. పిడుగులకు వెరవదు. అత్తగారి నోటికిని వెరవదు. ఈ యొక్క తలపు వచ్చినంతనే అన్నము కలుపుచున్న చేయి కంచములో నాగిపోవును.

అది మార్గశిరము. రేయెల్ల అనంతగిరి శృంగములపై పవ్వళించిన మేఘమాలిక వేకువగాలికి మేలుకొని మిరియపుదీగె లల్లుకొనిన మ్రాకుల సందులనుండియు కాఫీతోటల నీడలనుండియు మెల్లమెల్లగా జారి కొండయడుగున నొదిగియున్న శృంగవరపుకోట పెంకుటిండ్లపై పాలమీగడవలె పేరుకొనియుండ, చలికి ముడుచుకొనిన వీథికుక్కలు ఇడ్లీబండి పొయ్యిచెంత బూడిదలో పొరలి ప్రమథగణములవలె నిశ్చలములై యుండ, ప్రాగ్దిశాంగన ఫాలమున నరుణరేఖ యొక్కటి సన్నముగా దిద్దబడుచుండెను. ప్రతిదినము నా వేళకే పైడిరాజు సైకిలెక్కి ఘాటుదారి కెగబ్రాకుటయు, ప్రొద్దెక్కునప్పటికి గాలికన్న వేగమున దిగి వచ్చుటయు, అంతవరకు నూకరత్నము బిడ్డను చంకనిడుకొని గడపయందు నిలిచియుండుటయు ఆ యింటి నిత్యకృత్యములు.

పైడిరాజు విద్యుచ్ఛాఖలో లైనుమాను. పగలంతయు కరెంటు స్తంభము లెక్కువాడే. ఆ యెక్కుటకు మాత్రము నూకరత్నము భయపడదు. స్తంభమెక్కువాని నడుమునకు పట్టెడ గలదు గదా, పల్లమున దిగువాని నడుమునకేమున్నదని యామె వాదము. ఏటేట జరుగు కొండయెక్కుడు పోటీలో అతడు రెండు వత్సరములుగా ద్వితీయుడై నిలిచెను. మొదటివాని బండి యీకవలె తేలిక, తన బండి యినుము. పేరుగల సంస్థల తేలికబండ్లు లైనుమానుల కందునవి కావు. అందుచే నదే వీథియందు కాపురమున్న మిత్రుడు, లెక్కల యుపాధ్యాయుడగు చిన్నంనాయుడు, ఆరు మాసములు ఫోనులో వెదకి పదిమంది సవారుల యనుభవములు చదివి చైనాదేశమున పేరును ముద్రయు లేకుండ కార్బనుతో చేసి యమ్మెడి చట్రములు చవుకగా దొరకుననియు, ఒకే పెట్టెలో రెండు తెప్పించినచో రవాణాఖర్చు సగమగుననియు నిర్ణయించెను. అమ్మునది మే యను నొక చీనావనిత. ఆమె సందేశములు వేకువనే వచ్చుచుండెడివి.

"ఏటి బావా, ఎవుర్తది? లేవగానే డియరు డియరంటంది?" అని నూకరత్నము ఫోను చూచి యడిగెను.

"సరుకమ్మేదే రత్నం. అందర్నీ అలగే అంటాది."

"పెళ్లయి నాలుగేళ్లయింది. ఒక్కపాలి నన్నన్నావేటి?"

"అంటే నీకనుమానం వొచ్చీదు."

అరుగుపై కూర్చుండియున్న చిన్నంనాయుడు నవ్వెను. నూకరత్న మాయనవైపు తిరిగి "మాస్టారూ, కార్బనంటే ఏటండి?" అనెను.

"బొగ్గే చెల్లమ్మా. బొగ్గుని దారంలాగ తీసి, దారాన్ని బట్టలాగ నేసి, జిగురుతో అచ్చులో వేసి కాలుస్తారు."

"మా నాన ఆవంలో బొగ్గు మీద కాలేస్తే పొడుమయిపోద్ది. దానిమీద మనిసినెక్కిస్తారా?"

"వజ్రం కూడా బొగ్గేనమ్మా!"

"అయితే వజ్రమే కొనీండి. నాకేటి."

ఆవమని యామె యనుటకు కారణము గలదు. నూకరత్నము గజపతినగరమునకు దిగువనున్న యొక పల్లెలో కుమ్మరి కన్నయ్య కూతురు. ఏడవ తరగతి పరీక్ష వ్రాయవలసిన నెలలోనే తల్లి కాలము చేయగా పలక దించి ఆవముచెంతకు పోయినది, మరల బడి గడప త్రొక్కలేదు. అయినను ఆవముచెంత నామె రెండు విద్యలు నేర్చినది. వ్రేలికణుపుతో కుండను తట్టి దాని పలుకును బట్టి కంటి కగపడని బీటను కనిపెట్టుట మొదటిది. కుండలు బండికెత్తి గడ్డి పేర్చి త్రాడు కట్టునప్పుడు ముడి వేయుటకు మున్ను మరియొకమారు బిగలాగుట రెండవది. "ఆఖరి లాగు లాగినోడి కుండ సంతకి సేరతాది, లాగనోడి కుండ దారిలోనే పగులుతాది" అని కన్నయ్య ప్రతి సంతనాడును చెప్పెడివాడు. ఆ మాట కూతురి నెత్తుట నింకిపోయెను.

అయిదువారములకు పెట్టె వచ్చెను. తెరచినంతనే యమావాస్యరాత్రిని మలచి నునుపుదీర్చినట్లు నిగనిగలాడు రెండు నల్లని చట్రములు బయల్పడెను. పురుషు లిరువురును దేవతావిగ్రహములను దర్శించిన భక్తులవలె చేతులు కట్టుకొని నిలిచిరి. నూకరత్నము చంకనున్న బిడ్డను మార్చకయే యొక చట్రమును చిటికెనవ్రేల తగిలించి యెత్తెను. అది యెత్తినట్లే తోచలేదు. అంతట నామె గుండె ఱాయివలె బరువెక్కెను. గాలి కెగిరిపోవు నీ నల్లని పుల్లపైనా తన పసుపుకుంకుమలు!

మూడు దినములు అరుగుమీదనే బండ్ల కూర్పు సాగెను. చక్రములు, గొలుసులు, బ్రేకులు పాతబండ్లనుండి కొన్నియు పెట్టెలో వచ్చినవి కొన్నియు చేర్చి బిగించిరి. ఇందుకై చిన్నంనాయుడు విశాఖపట్టణమునుండి బిగింపును కొలుచు పానా నొకదానిని ఎరువు తెచ్చియుండెను. తగినంత బిగిసినంతనే యది టిక్కుమని పలుకును. ఆ పలుకు విన్న క్షణమే చేయి తీయవలెను.

"ఇది ఇనుము కాదు రాజూ. ఇనుము వంగి చెప్తాది. ఇది చెప్పదు. టిక్కుమన్నాక వెంట్రుకంత తిప్పినా ముప్పే" అని యాయన హెచ్చరించుట వంటయింటనున్న నూకరత్నము చెవినిబడెను. ఆమె నమ్మలేదు. టిక్కుమన్నంతలో నేమాయెను? తమ పెరటితలుపు గడియయు టిక్కుమనును, ప్రతి గాలికిని తెరచుకొనును.

కూర్పు ముగిసినంతనే చక్రముల క్రింద నిమ్మకాయలుంచి కొబ్బరికాయ కొట్టి ఆసనపు గొట్టము చట్రమును కలియు చోట పట్టీపై పసుపు పూసి కుంకుమ నద్దిరి. పురుషులు పానాను తిరిగి యిచ్చి వచ్చుటకై బస్సెక్కి పోయిరి. ఇంట నెవరును లేరు. రెండు బండ్లు నరుగుపై ఎండపొడలో నిలిచియుండెను.

నూకరత్నము బిడ్డను చాపపై కూర్చుండబెట్టి పనిముట్ల సంచినుండి ఆరుపలకల చిన్న కీని తీసెను. మగని బండి యాసనము క్రింది మరలో దానిని దూర్చి దేవుని తలచుకొని యొక్క చుట్టు త్రిప్పెను. గట్టిగా నుండెను. పండ్లు బిగించి త్రిప్పెను. తిరిగెను. ఆమె మనస్సున కన్నయ్య త్రాడు బిగిసినట్లయ్యెను. పిమ్మట రెండవ బండివైపు చూచెను. మాస్టారును ఒక తల్లి బిడ్డయే గదా, తన మగని యొక్కని మాత్రము కాచుకొని యాయనను గాలికి వదలుట ధర్మమా యని యోచించి దానికిని ఒక్క చుట్టు, అంత గట్టిగానే, త్రిప్పెను. ఆ చోట పసుపు చెదరగా మరల పూసి కుంకుమ నద్దెను. ఆ రాత్రి యామెకు ఎన్నో నెలలకు నిద్రపట్టెను.

మరునాటి వేకువ బడికి సెలవులగుటచే చిన్నంనాయుడు క్రొత్తబండి నెక్కి అరకు, పాడేరు, చింతపల్లి మీదుగ సీలేరువరకు తిరిగి వచ్చెదనని బయలుదేరెను. "జాగర్త మాస్టారూ" అనెను నూకరత్నము. "నీ వజ్రం మీదెక్కేనమ్మా, భయమేటి?" యని యాయన చేయి యూపుచు మంచులో కలిసెను. పైడిరాజు బండికి మాత్రము నాటినుండి ప్రతి సాయంకాలమును, జ్వరమున్న బిడ్డ నుదురు తాకి చూచినట్లు, ఆమె యొకమారు కీ త్రిప్పి చూచుచునే యుండెను.

ఏడవ దినము, పోటీకి ముందునాడు. పగటి భోజనమైన వెనుక నామె బియ్యములో రాళ్లేరుచుండెను. గోడ కానించిన బండి ప్రక్కకు ప్రాకిపోయిన బిడ్డ చేతనున్న చిన్నగరిటెతో దానిని కొట్టి యా నాదమునకు తానే నవ్వుచుండెను. ఖంగు. ఖంగు. ఖంగు. ఎండిన వెదురువలె, చక్కగా కాలిన కుండవలె, ఆ నల్లని పుల్ల నిండుగా పలుకుచుండెను. అంతట బిడ్డ నిలువలేక నిలిచి యాసనము క్రింద చేయి యానించి యచ్చట కొట్టెను.

బొద్దు.

నూకరత్నము చేతిలోని బియ్యము చేటలో జారెను. బిడ్డ మరల కొట్టెను. బొద్దు. నాలుగేండ్లుగా వినని యా ధ్వని యామెకు తండ్రి కంఠమంత పరిచితమై వినవచ్చెను. కన్నయ్య యట్టి కుండను మారు తట్టక ప్రక్కన బెట్టెడివాడు. నూకరత్నము లేచి కొంగుముడినుండి రూపాయిబిళ్ల తీసి పైనుండి క్రిందివరకు తట్టుచు వచ్చెను. అన్నిచోట్లను ఖంగు, ఆ పట్టీచెంత మాత్రము బొద్దు. తడికొంగుతో నెండిన పసుపును తుడిచెను. నల్లని నునుపుపై వెంట్రుకంత గీత యొకటి పట్టీక్రిందినుండి వ్రేలెడు పొడవు సాగియుండెను.

ఎవరు చేసినదో యామెకు వెంటనే తెలిసెను. చీనావనిత కాదు. కొండదారియు కాదు. తన భయము తన చేతిలోనికి దిగి రోజున కింతగా నొక్కి దీనిని పగులగొట్టెను. ఇప్పుడేమి చేయుదును? పసుపు మరల పూసి యూరకుండిన నెవ్వరికిని తెలియదు. ఈ తలపు వచ్చినందులకే యామె రెండు చెవులును పట్టుకొని లెంపలు వేసికొనెను.

సాయంకాలము పైడిరాజు నడుము పట్టెడతోనే యింట నడుగిడెను.

"బావా, బండి సచ్చిపోనాది. నానే సంపీసినాను."

అతడు నవ్వబోయి యామె మొగము చూచి మానెను. ఆమె బిళ్ల నతని చేతనిడి తట్టవలసిన చోటు చూపెను. అతడు తట్టెను. వినెను. మరల తట్టెను. ఆమె చేసినది చేసినట్లు చెప్పెను. ఆరు మాసముల కోరిక, ఐదు వారముల నిరీక్షణ, తెల్లవారిన పోటీ యన్నియు నా వెంట్రుకంత గీతలో దూరి పోయెను.

"తిట్టు బావా. ఊరుకోకు."

"తిడితే అతుకుతాదేటి?" అతడు బిడ్డను ఒడిలోనికి తీసికొని "రేపు దీనిమీద దిగుంటే..." యనెను.

అప్పుడు నూకరత్నము రెండవ బండి నిలిచియుండిన చోటువైపు చూచెను. "బావా, మాస్టారి బండికీ తిప్పీసినాను."

"ఎన్ని సుట్లు?"

"ఒకటే. ఒక్కటే."

"గట్టిగానా?"

"నా బిడ్డ తండ్రికి తిప్పినంత."

పైడిరాజు వెంటనే ఫోను చేసెను. అవతల నుండి యందుబాటులో లేరని యొక స్త్రీకంఠము నెమ్మదిగా చెప్పెను. చింతపల్లి దాటినచో సంకేతము లందవని యందరెరిగినదే. పదిమారులు చేసెను. ఆ కంఠము పదిమారులు నంతే నెమ్మదిగా చెప్పెను.

తెల్లవారెను. కొండయడుగున జెండాలు కట్టిరి, ఈలలు వేసిరి. పైడిరాజు తన పాత యినుపబండి నెక్కి అందరితోడను పైకి సాగెను. తేలికబండ్లవారు వానిని దాటి పోయిరి. శిఖరమున గీత గీసిన చోట నొక్కొక్కడుగా వెనుకకు మరలి దిగువకు దూసికొనిపోవుచుండ, అతడొక్కడు మరలలేదు. గీతను దాటి, కేకలు వేయుచున్న నిర్వాహకులను దాటి, వలిసెపూలు పసుపు కుప్పలు పోసినట్లు పూచిన చేల నడుమ అరకువైపు పోయి పోయి కనుమరుగయ్యెను. నాటి సాయంకాలము పాడేరునుండి కబురు చేసెను: నాలుగు దినముల క్రిందట మాస్టారిచ్చట టీ త్రాగి పోయినాడట, బండి చక్కగానే యున్నదట. మరునాడు చింతపల్లినుండి చేసెను: సీలేరుదారి పట్టినాడట. అటు తరువాత నతని ఫోనును అందుబాటులో లేదు.

నూకరత్నమునకు మగనిగూర్చి భయము లేదు. అతడెక్కినది యినుము, వంగి చెప్పును. పగిలిన చట్రమును గోడకు తగిలించి దాని క్రింద గూర్చుండి యామె కూతురికి కొఱ్ఱన్నము తినిపించుచున్నది. ప్రేమించినదానిని బిగించుట యెరిగిన చేతికి టిక్కుమన్న చోట నాగుట నేర్పువాడు లేకపోయెను. ఆమె దానినిప్పుడు తనంతట నేర్చుకొనుచున్నది.

కావున చదువరులారా, ఈ చలికాలమున లంబసింగి మంచు చూడబోవువారు మీలో ననేకు లుందురు. చింతపల్లి దాటి మరికొంత దూరము పోగలవారు పొండు. పొడవాటివాడు, కనుబొమ్మలు కలిసినవాడు, ఎదురైన ప్రతివారికిని చేయి యూపువాడు నల్లని పేరులేని సైకిలుపై రాగా నాపుడు. ఆసనముక్రింద నెండిన పసుపు కానవచ్చును. రూపాయిబిళ్లతో నచ్చట నొక్కమారు తట్టి చెవి యొగ్గి వినుడు. ఖంగుమన్నచో నమస్కరించి పోనిండు. బొద్దుమన్నచో దించి నడిపించుకొని తోడ్కొని రండు. ఏది విన్నను శృంగవరపుకోటలో గడపయందు బిడ్డతో నిలిచియున్న యామెకు కబురంపుడు.